అప్‌డేట్: తిరుపతి ఎండలో మిగ్-21

ఇంటర్‌లో వదిలేసిన మిలిటరీ మోడల్స్ (అతికించి రంగులేసే ప్లాస్టిక్ బొమ్మలు) మళ్ళీ మొదలుపెట్టాలనుంది, ట్యాంకా విమానమా, ఈ ఎండల్లో రంగులెలా వేయాలి అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే 1/72 స్కేలు (అసలుదాంట్లో 72వ వంతు) మిగ్-21 యుద్ధవిమానం తీసుకున్నాను. అసలుది దాదాపు 15 మీటర్లు, ఇది జానెడు!

తిరుపతి ఎండకి ఆక్రిలిక్ రంగు బ్రష్ మీదే ఎండిపోతుంది, అందుకే కాస్త రిటార్డర్ (రంగు ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలిపి తెల్లవారుజామునే పల్చగా వేశాను. అసలు టెన్షన్ డెకాల్స్ (నీళ్ళలో తడిపి అతికించే పల్చటి గుర్తులు) దగ్గరే. ముందు గ్లాసీ వార్నిష్ వేయమన్న సలహా బంగారం: గోరువెచ్చని నీళ్ళలో తడిపిన మూడు రంగుల రౌండెల్‌ని (వాయుసేన గుండ్రటి గుర్తుని) రెక్క మీదికి జరిపి, డెకాల్‌ని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ రాస్తే, కాసేపు ముడతలు పడి, తర్వాత ప్యానెల్ గీతల్లోకి దిగి అచ్చం పెయింట్ చేసినట్టే అతుక్కుపోయింది. ముడతలు పడ్డప్పుడు మాత్రం వేలు పెట్టకూడదు.

తర్వాత 1/35 టి-55, 1971లో మన సైన్యం వాడిన ట్యాంకు. ట్రాక్‌లకి రంగు ముందే వేయాలా, అతికించాకా?