బీచ్ రోడ్డు పక్క వీధిలో రాత్రి తిండి బజారు: జనాన్ని ఏమని అడగాలి?

చినవాల్తేరు_సంఘం:
అందరికీ నమస్కారం. విశాఖ బీచ్ రోడ్డుకి ఎగువనున్న ఒక వీధిని బాగుచేసి, పేవ్‌మెంటు, లైట్లు, బళ్ళకి గీతలు వేసి, అర్ధరాత్రి దాకా నడిచే తిండి వీధిగా మార్చాలని మా సంఘంలో సగంమంది పట్టు. మిగతా సగం "పెద్దాళ్ళ నిద్ర, పిల్లల చదువులు ఏం కావాలి" అని అడ్డం తిరిగారు. 2025లో పాత జైలు రోడ్డు ఫుడ్ కోర్టు ఎత్తేశాక ఈ వాదన ఇంకా ముదిరింది. జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకి) అర్జీ పెట్టేలోపు ఇంటింటికీ తిరిగి అభిప్రాయాలు రాయించాలనుకుంటున్నాం. వీధిలో సుమారు 300 ఇళ్ళు. ఎంతమందిని అడగాలి? ఏ ప్రశ్నలు వెయ్యాలి? వీధి కట్టేటప్పుడు ముందే చూసుకోవాల్సినవి ఏవి? రాజకీయం వద్దు, పనికొచ్చేది చెప్పండి.

లెక్కల_మాస్టారు:
"నైట్ లైఫ్ కావాలా, వద్దా" అని ఒకే ప్రశ్న మాత్రం వెయ్యకండి. పెద్దాయనకి అందులో పబ్బు కనపడుతుంది, షిఫ్టు దిగొచ్చిన కుర్రాడికి వేడి ఇడ్లీ కనపడుతుంది. ఇద్దరూ వేరువేరు ప్రశ్నలకి జవాబిస్తారు, మీరు రెండూ కలిపి శాతం తీస్తారు.

మందుని, తిండిని, పాటల్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టండి. తర్వాత గంటలవారీగా అడగండి: 10 నుంచి 11, 11 నుంచి 12, 12 దాటాక, వీటిలో ఎంతవరకు ఫర్వాలేదు? అభ్యంతరం ఉన్నవాళ్ళకి ఒక జాబితా ఇవ్వండి: స్పీకర్ల మోత, హారన్లు, గేటు ముందు బళ్ళు, చెత్త, తాగినవాళ్ళ గోల, ఆడపిల్లల భద్రత. అందులో అన్నిటికంటే ముఖ్యమైన రెండిటికే టిక్కు పెట్టించండి. అన్నిటికీ టిక్కు పెట్టనిస్తే ఏదీ తేలదు. ఆఖర్న "ఏం చేస్తే ఒప్పుకుంటారు" అని ఒక ఖాళీ గీత. అసలు సరుకు ఆ గీత మీదే దొరుకుతుంది.

ఎంతమంది అంటే, నగరమంతటికీ అయితే 5 శాతం అటూఇటూ తేడాతో, 95 శాతం నమ్మకంతో 385 మంది కావాలి. 300 ఇళ్ళకి అదే లెక్కలో 170 దాకా చాలు. కానీ ఇంత చిన్న వీధిలో నమూనా ఎందుకండీ? అన్ని ఇళ్ళూ తిరగండి. లేకపోతే "మా ఇంటికి రాలేదు" అనే మాట మీద మొత్తం కాగితం చెల్లకుండా పోతుంది.

పొరపాటు ఎక్కువగా జరిగేది వేళ దగ్గర. పగలు 11 గంటలకి తలుపు కొడితే ఇంట్లో ఉన్నవాళ్ళే దొరుకుతారు, వాళ్ళలో ఎక్కువమంది వద్దనేవాళ్ళే. అందుకని ఆదివారం పొద్దున ఒకసారి, మామూలు రోజు సాయంత్రం 7 నుంచి 9 లోపు ఒకసారి తిరగండి. శనివారం రాత్రి 10.30 నుంచి బీచ్ రోడ్డు మీదే నిలబడి, అక్కడికి వచ్చినవాళ్ళని విడిగా అడగండి. ఈ మూడో కుప్పని మొదటి రెండిటితో కలపొద్దు.

ఫలితాలు కూడా దూరాన్నిబట్టి చెప్పండి: బజారుకి 100 మీటర్ల లోపు ఇళ్ళు, 100 నుంచి 300, ఆ పైన. నాలుగు వీధుల అవతలున్నాయనకి ఔననడానికి పోయేదేముంది? సొంత ఇల్లా, అద్దె ఇల్లా, ఎన్నో అంతస్తు అనేవీ రాసుకోండి. రెండో అంతస్తు వాళ్ళకి కాంపౌండు గోడ అడ్డం ఉండదు, మోత నేరుగా చేరుతుంది.

డెసిబెల్:
శబ్దం సంగతి నేను చెప్తాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రంటే 10 నుంచి ఉదయం 6 దాకా. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. వాణిజ్య ప్రాంతంలో 65, 55. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటిస్తే పగలు 50, రాత్రి 40. ఆరుబయట లౌడ్‌స్పీకర్లకి రాత్రి 10 తర్వాత అనుమతి లేదు. పండగలకి, సాంస్కృతిక కార్యక్రమాలకి రాష్ట్ర ప్రభుత్వం 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. కాబట్టి "రోజూ రాత్రి లైవ్ మ్యూజిక్" అనే ప్రతిపాదన కాగితం మీదే పోతుంది.

ఇప్పుడు దూరం లెక్క. అడ్డం లేని చోట దూరం రెట్టింపైనప్పుడల్లా స్పీకర్ మోత 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 5 మీటర్ల దగ్గర 85 ఉంటే 10 దగ్గర 79, 20 దగ్గర 73, 40 దగ్గర 67, 80 దగ్గర 61, 160 దగ్గర 55. 45కి దిగాలంటే సుమారు అర కిలోమీటరు పోవాలి. మధ్యలో భవనాలుంటే ఇంకా ముందే తగ్గుతుంది. కానీ బీచ్ రోడ్డు నించి పాండురంగాపురం, వాల్తేరు అప్‌ల్యాండ్స్ వైపు నేల ఎగబాకుతుంది కదా, ఆ వాలంతా స్టేడియం గ్యాలరీ లాంటిది. కింద వాయిస్తే పై వరసల్లో ఉన్నవాళ్ళకి బాగా వినపడుతుంది. పైగా సాయంత్రం గాలి సముద్రం మీంచి ఊరి వైపు. గాలి వాటున పోయే ధ్వని కిందికి వంగి ఇళ్ళ మీదే పడుతుంది.

ఒక స్పీకర్ పక్కన అలాంటిదే ఇంకోటి పెడితే పెరిగేది 3 డెసిబెల్సే. అందుకని సగం స్పీకర్లు తీయిస్తే సమస్య తీరుతుందనుకోకండి. తీయిస్తే అన్నీ తీయించాలి. బేస్ ధబధబ వేరే తలనొప్పి. దాన్ని కిటికీ అద్దాలు ఆపలేవు, మామూలు డీబీ-ఏ కొలత (చెవికి వినపడే తీరుని బట్టి లెక్కేసేది) దాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. బేస్‌ని కూడా దాదాపు పూర్తిగా లెక్కేసే డీబీ-సి కూడా కొలిపించండి. రెండిటికీ మధ్య 15కి పైగా తేడా వస్తే గొడవ బేస్‌తోనే.

ఉప్పుగాలి:
మోత తగ్గించొచ్చు సార్, పార్కింగ్‌ని ఏం చేస్తారు? ఒక కారుకి 2.5 బై 5 మీటర్లు పోతుంది. ఆ జాగాలో ఆరు స్కూటర్లు పెట్టొచ్చు, లేదా రెండు తినుబండారాల బళ్ళు. వీధి లోపలికి కార్లు రానిస్తే హారన్ గోల అక్కణ్ణించే మొదలు. రాత్రి 7 తర్వాత వీధి రెండు చివర్లా తీసిపెట్టే బొల్లార్డులు (బళ్ళు రాకుండా అడ్డు స్తంభాలు) పెట్టి, తాళం ఒకటి వార్డు ఆఫీసులో, ఒకటి దగ్గరి పోలీస్ స్టేషన్లో ఉంచండి. వీధిలో ఉండేవాళ్ళ కార్లకి స్టిక్కర్లు ఇవ్వండి. సర్వేలో ఈ ఒక్క అంశానికి "ఏం చేస్తే ఒప్పుకుంటారు" అని అడిగి చూడండి, వద్దన్న ఓట్లు సగం మెత్తబడతాయని నా అంచనా.

బండి_సంఘం:
ఏటంటే, అందరూ ఇళ్ళవాళ్ళని అడుగుతారు, బళ్ళవాళ్ళని ఎవరూ అడగరు. రేపు వీధి బాగుపడ్డాక స్థలాలు ఎవరికొస్తాయి? ఇప్పుడున్న మురీ మిక్చరు, మొక్కజొన్న, బజ్జీ బళ్ళకా, పైనించి టెండరేసి వచ్చిన కంపెనీ కియోస్కులకా? ఆ ముక్క ముందే తేల్చకుండా మొదలెడితే వీధి అందంగా ఉంటది, తినడానికి వచ్చేవోడు ఉండడు.

2014 వీధి వ్యాపారుల చట్టం చదవండి. వీధి వ్యాపారుల సర్వే పూర్తయి అందరికీ వెండింగ్ సర్టిఫికెట్లు (అమ్ముకునే అనుమతి కాగితాలు) ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు, మార్చకూడదు. మార్చాల్సొస్తే 30 రోజుల నోటీసు. సామాను జప్తు చేస్తే జాబితా రాసి ఒక కాపీ చేతికివ్వాలి. పాడైపోయేవి అదే రోజు, మిగతావి రెండు పని దినాల్లో తిరిగివ్వాలి, అదీ జరిమానా కట్టాక. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులు ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్ళు. మీ వీధి గురించి ఆ కమిటీ తీర్మానం చేసిందో లేదో సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబు రావాలి. తీర్మానం లేకుండా మొదలెట్టిన పని కోర్టు మెట్లెక్కిందంటే బేగి దిగదు.

ఇంకోటి. ఆ చట్టంలోనే టైమ్ షేరింగ్ ఉంది. పొద్దున కూరగాయల బండి, రాత్రి టిఫిన్ బండి, రెండిటికీ ఒకటే గీత. కానీ సర్టిఫికెట్లో టైము రాయించుకోవాలి. రాయించకపోతే రాత్రిపూట వచ్చినోడు ఆ చోటు తనదని చూపించడానికి కాగితం ఉండదు.

చినవాల్తేరు_సంఘం:
బండి_సంఘం గారూ, మంచి మాట గుర్తుచేశారు. ఇప్పుడున్న బళ్ళ పేర్లు, వేళలు, సరుకు విడిగా రాసుకుంటాం. మందు దుకాణాలు, బార్ల ప్రభావం గురించి ఎవరైనా చెప్తారా?

లెక్కల_మాస్టారు:
మద్యం దుకాణాలు 10కి మూస్తారు. 2025 బార్ పాలసీలో బార్లకి 12 దాకా సమయం ఇచ్చారు. మీ బజారు కూడా సరిగ్గా 12కే మూస్తే రెండు గుంపులూ ఒకేసారి రోడ్డు మీద పడతాయి, ఆటోలూ ఒకేసారి కావాలి. 11.15కి ఆర్డర్లు ఆపి 11.45కి పొయ్యిలు ఆర్పించడం మేలు. సిడ్నీ చూడండి. 2014లో కింగ్స్ క్రాస్, నగర కేంద్రంలో 1.30 తర్వాత కొత్తవాళ్ళని బార్లలోకి రానివ్వకూడదని, 3 తర్వాత మందు పొయ్యకూడదని పెట్టారు. ఆ చుట్టుపక్కల దాడులు తగ్గాయి, కానీ జనంలో కొంత భాగం న్యూటౌన్ లాంటి పేటలకి మళ్ళింది, వ్యాపారాలు దెబ్బతిన్నాయి. 2020, 2021లో ఆ ఆంక్షలు ఎత్తేశారు. మీ వీధి మూసేస్తే పక్క వీధికి ఏమవుతుందో కూడా సర్వేలో అడగండి.

మురుగు_ఇంజనీరు:
కట్టడం గురించి. ఇండోర్ సరాఫా బజారులో పగలు నగల కొట్లు, అవి మూశాక అదే వీధిలో తిండి. అక్కడ పాత భవనాల మధ్యే నడుస్తోంది. మనకి అదనంగా ఉప్పుగాలి ఉంది.

ముందు నీళ్ళు. ప్రతి రెండు బళ్ళకీ ఒక కుళాయి, నేలలో జాలీ, అక్కణ్ణించి గ్రీజు ట్రాప్ (నూనె, జిడ్డు ఆపే తొట్టి), ఆ తర్వాతే మురుగు లైను. ట్రాప్ లేకుండా నేరుగా కలిపితే నూనె పైపులో గడ్డకట్టి కొన్ని నెలల్లో మ్యాన్‌హోలు పొంగుతుంది, తిట్లు మాత్రం బజారుకొస్తాయి. ట్రాపు మూత చేత్తో తియ్యగలిగేలా ఉండాలి. కనీసం వారానికోసారి తియ్యకపోతే పెట్టీ లాభం లేదు. వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ (నూనె పదేపదే కాగితే పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా నియమం. అది మురుగులో పొయ్యకుండా ఒక డ్రమ్ము పెట్టి, కొనేవాళ్ళకి అప్పగించాలి.

కరెంటు: బండికి 1.5 కిలోవాట్లు లెక్కేసుకోండి, మిక్సీ, చిన్న ఫ్రిజ్, లైట్లు సరిపోతాయి. పిల్లర్ బాక్సులో ఒక్కో బండికి 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్టేసే స్విచ్చి). సాకెట్లు ఐపీ65కి (దుమ్ము, నీటి జల్లు లోపలికి పోని రకం) తగ్గకూడదు. మామూలు పెయింటు వేసిన ఇనప స్తంభాలు సముద్రపు గాలికి మొదళ్ళ దగ్గర తినేస్తాయి, హాట్ డిప్ గాల్వనైజ్ చేసినవి (కరిగిన జింకులో ముంచినవి) తెప్పించండి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలు 316 రకం. 304 రకానికి తుప్పు మరకలొస్తాయి. నడిచే చోట పేవర్ 60 మిల్లీమీటర్లు, వాహనం ఎక్కే చోట 80. వాలు వందకి ఒకటి తగ్గొద్దు.

గ్యాసు: 19 కేజీల సిలిండరు నిలువుగా, బండి వెనక. గాలికి మంట ఆరుతోందని బండి చుట్టూ టార్పాలిన్ కడతారు, నిప్పంటుకునేది అక్కడే. బర్నరు చుట్టూ రేకు అడ్డం పెట్టించండి, టార్పాలిన్ నిషేధించండి. మధ్యలో ఫైర్ ఇంజను పోయేంత, కనీసం 6 మీటర్ల దారి ఖాళీగా ఉంచండి. 2017 డిసెంబరులో ముంబై కమలా మిల్స్ పైకప్పు పబ్బులో 14 మంది, 2025 డిసెంబరులో గోవా అర్పోరా క్లబ్బులో 25 మంది పోయారు. బయటపడే దారి గురించి తర్వాత చూద్దాం అనేది కుదరదు.

లైట్లు సముద్రం వైపు తిప్పొద్దు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికొచ్చి గుడ్లు పెడతాయి, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అవి వెలుతురు చూసి నీటి బదులు రోడ్డు వైపు పాకుతాయి. మూత ఉన్న, కిందికే పడే కాషాయరంగు దీపాలు పెట్టండి. ఇంకోటి, రోడ్డుకి సముద్రం వైపున కట్టడం ఏదీ అనుకోకండి. సీఆర్‌జెడ్-2లో (తీర నియంత్రణ మండలంలో ఇప్పటికే ఊరు పెరిగిన భాగంలో) కొత్త కట్టడాలకి ఇప్పటికే ఉన్న రోడ్డుకి ఊరి వైపే అనుమతి.

ఉప్పుగాలి:
చెత్త మర్చిపోయారు సార్. చెత్త బండి తిప్పేది ఉదయం. 12కి మూసిన బజారు ఎంగిలాకులు తెల్లారేదాకా కుక్కల పాలు. మూసిన గంటలోపు రెండో ట్రిప్పుకి ఒప్పందం రాయించండి. ఆడవాళ్ళ మరుగుదొడ్డి మూసేదాకా తెరిచి ఉంచాలని, తాళంచెవి ఎవరిదో పేరుతో సహా రాయించండి.

చినవాల్తేరు_సంఘం:
చాలా సంతోషం. ఫోనులో సౌండు కొలిచే యాప్ పనికొస్తుందా, లేక మీటరు అద్దెకి తేవాలా?

డెసిబెల్:
ఇంట్లో మీకోసం చూసుకోవడానికి యాప్ చాలు. అర్జీకి జతపరచాలంటే క్లాస్ 2 మీటరు (ప్రమాణం ప్రకారం తయారైనది), కాలిబ్రేటరుతో (మీటరు సరిచూసే పరికరంతో) సహా తెచ్చుకోండి. బజారు లేని రోజు, ఉన్న రోజు, రెండూ కొలవాలి. బీచ్ రోడ్డు దగ్గర అలల హోరుకే రాత్రి 45 దాటే ఇళ్ళుంటాయి, ఆ లెక్క చేతిలో లేకపోతే మోత బజారుదో సముద్రానిదో తేలదు. బాల్కనీలో గోడకి ఒక మీటరు ఇవతల పెట్టి, మైకుకి నురుగు తొడుగు తగిలించి, 15 నిమిషాల సగటు తీసి, గాలి ఎటువైపుందో రాసుకోండి. శుక్ర, శనివారాల్లో 10.30కి ఒకటి, 11.30కి ఒకటి. గాలి జోరుగా ఉన్న రాత్రి వాయిదా వెయ్యండి.