అప్‌డేట్: అమ్మానాన్నలతో కొడైకెనాల్ వెళ్లొచ్చాం

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో చెన్నై నుంచి కొడైకెనాల్ వెళ్తే, రద్దీ లేకుండా నీళ్ల పక్కన కూర్చునే చోటు ఉందా అని అడిగాను కదా. మన్నవనూరు చెరువుకు వెళ్లమన్న అందరికీ చాలా థ్యాంక్స్.

రాత్రి రైలెక్కి పొద్దున్నే కొడైకెనాల్ రోడ్ స్టేషన్‌లో దిగాం. అక్కడి నుంచి కొండ మీదికి ఇంకా 80 కిలోమీటర్లు ఉంటుంది. బండికి ఈ-పాస్ ముందే తీసుకోండి, 2024 నుంచి తప్పనిసరి.

ఊళ్లో 1863లో కట్టిన సరస్సు అందంగానే ఉంది. కానీ చుట్టూ సైకిళ్లు, గుర్రాలు, హారన్ల మోత. అమ్మ కాసేపటికే "పోదాం పద" అంది.

మన్నవనూరు అక్కడికి సుమారు 35 కిలోమీటర్లు. దారిలో పూంబారై దగ్గర తప్పకుండా ఆగండి. కొండవాలంతా మెట్లు మెట్లుగా పొలాలు. ఇక్కడి కొండ వెల్లుల్లికి భౌగోళిక గుర్తింపు ఉంది. అమ్మ ఒక రెబ్బ ఒలిచి, గోటితో నొక్కి వాసన చూసి, "ఈ ఏడు ఆవకాయలోకి ఇదే" అని సంచీ నిండా కొనేసింది.

మన్నవనూరులో గేటు నుంచి నీళ్ల దాకా కొంచెం దిగాలి. చేతికర్ర ఉంటే మంచిది. పచ్చిక మీద హాయిగా కూర్చోవచ్చు. మాది కర్నూలు. ఈ చెరువులో పుట్టి (గుండ్రటి పడవ) కనిపించగానే నాన్నకు మా తుంగభద్ర గుర్తొచ్చింది. పుట్టి నడిపే ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. నాన్న అంతలా నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో!

బెరిజం చెరువుకు అటవీ శాఖ అనుమతి కావాలి, అందుకే ఈసారి వెళ్లలేదు. పెద్దవాళ్లతో అక్కడికి వెళ్లినవాళ్లుంటే నడక ఎంతుంటుందో చెప్పండి.