సెకండ్ హ్యాండ్ ట్రయల్స్ సైకిల్: వెనక బ్రేకు జారుతోంది, చైన్ తెగింది, ముందు ఏది మార్చాలి?

కుందనహళ్ళి_కుర్రాడు:

అందరికీ నమస్తే. మాది మదనపల్లె, నాలుగేళ్ళుగా బెంగళూరులో ఉద్యోగం, కుందనహళ్ళి దగ్గర ఉంటున్నా. మూడు నెలల కింద ఒకాయన ఊరు వదిలి వెళ్తూ అమ్మేస్తుంటే 20 అంగుళాల ట్రయల్స్ సైకిల్ (కాలు కింద పెట్టకుండా రాళ్ళూ అడ్డంకులూ గెంతి ఎక్కడానికి వాడేది) కొన్నాను. సీటు లేదు, గేర్లు లేవు. ముందు క్రాంక్ (పెడల్ బిగించే చేయి) మీద 18 పళ్ళ ఫ్రీవీల్ (ముందుకు తొక్కితే పట్టుకుని, వెనక్కి తిప్పితే ఖాళీగా తిరిగే పళ్ళ చక్రం), వెనక 12 పళ్ళ ఫిక్స్‌డ్ స్ప్రాకెట్, రెండు చక్రాలకీ మగురా హెచ్‌ఎస్33 హైడ్రాలిక్ రిమ్ బ్రేకులు. రోజూ పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ జాగాలో చెక్క ప్యాలెట్లు పేర్చుకుని ప్రాక్టీస్ చేస్తున్నా. ట్రాక్ స్టాండ్ (కదలకుండా, కాలు దించకుండా సైకిల్ మీద నిలబడటం) వచ్చింది, వెనక చక్రం మీద నిలబడి పదిసార్ల దాకా గెంతగలుగుతున్నా.

ఇప్పుడు రెండు సమస్యలు. ఒకటి, వెనక బ్రేకు. లివర్ పూర్తిగా నొక్కి పట్టుకున్నా, ప్యాలెట్ అంచు మీద వెనక చక్రం ఆనించి నిలబడితే చక్రం మెల్లగా వెనక్కి తిరిగిపోతోంది. సాయంత్రం వాన పడి తెల్లారి ఇంకా తడిగా ఉంటే అసలు పట్టదు. ప్యాడ్లు చూస్తే ఇంకా మందంగానే ఉన్నాయి, పైన మాత్రం అద్దంలా నున్నగా నల్లగా మెరుస్తున్నాయి.

రెండోది చైన్. పోయిన ఆదివారం రెండు ప్యాలెట్ల ఎత్తుకి ఎక్కబోయి పెడల్ గట్టిగా తొక్కానో లేదో టప్‌మని చైన్ తెగింది, తొక్కిన కాలు ఒక్కసారిగా కిందికి జారిపోయి ఇంకో వైపు పెడల్ తిరిగొచ్చి మోకాలి కింద కొట్టింది. ఆ పెడల్ మీది పిన్నులు దిగి నాలుగు కుట్లు పడ్డాయి. ఇంటికొచ్చి చూస్తే తెగింది క్లిప్పు లింకు (చైన్ రెండు కొసల్నీ చిన్న క్లిప్పుతో కలిపే లింకు) దగ్గర. నెల కింద ఒక సైకిల్ షాపులో చైన్ పొట్టి చేయించినప్పుడు వాళ్ళు పెట్టిన లింకు అది.

నా దగ్గర 15 వేలు ఉన్నాయి. ఆఫీసులో ఎంటీబీ (మౌంటెన్ బైక్) తొక్కే ఫ్రెండు ఒకడు వెనక డిస్క్ బ్రేకు పెట్టించు, తేలికైన ఫోర్కు వేయించు అంటున్నాడు. తొక్కేటప్పుడు అప్పుడప్పుడు క్రాంక్ దగ్గర ఒక క్షణం ఖాళీగా తిరిగి పట్టుకుంటోంది కూడా. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు, ఈ సైకిళ్ళు ఇక్కడి షాపుల్లో ఎవరూ చూసినట్టు లేరు. తెలిసినవాళ్ళు చెప్పండి అన్నా.

---

గరుకు_రిమ్:

తమ్ముడూ, ముందు కుట్లు ఆరనివ్వు, వారం పది రోజులు సైకిల్ ఎక్కకు. ఈలోపు చేయాల్సిన పని చాలా ఉంది.

డబ్బు ఫోర్కు మీద పెట్టకు. నువ్వు ఒక అంచు మీద నిలబడ్డప్పుడు నిన్ను పడకుండా పట్టుకునేవి మూడే మూడు: వెనక బ్రేకు, చైన్, ఫ్రీవీల్. ఈ మూడూ నమ్మకంగా ఉన్నాయని నీ కాలికి తెలిస్తేనే గెంతడానికి ధైర్యం వస్తుంది. నాలుగు వందల గ్రాములు తగ్గితే ఆ ధైర్యం రాదు. నేను ఎనిమిదేళ్ళుగా తొక్కుతున్నా, మొదటి రెండేళ్ళు బరువు వెనకాల పడి డబ్బూ పోగొట్టుకున్నా, ముందుకీ పోలేదు.

బ్రేకు సంగతి. నీ ప్యాడ్ల తప్పు సగమే, మిగతా సగం రిమ్‌ది. ట్రయల్స్‌లో రిమ్ బ్రేకు వాడేవాళ్ళు రిమ్ పక్క గోడల్ని కావాలనే గ్రైండర్‌తో గరుకు చేస్తారు. నీకు అమ్మినాయన ఎప్పుడో చేసి ఉంటాడు, అది అరిగి నున్నబడింది. గోరు పెట్టి రిమ్ మీద అడ్డంగా గీరి చూడు. గోరు ఎక్కడా తగులుకోకుండా జారిపోతే మళ్ళీ గ్రైండ్ చేయాల్సిందే.

4 అంగుళాల యాంగిల్ గ్రైండర్, అల్యూమినియానికి పనికొచ్చే గ్రైండింగ్ డిస్కు చాలు. ఎస్.పీ. రోడ్డులో గ్రైండరూ దొరుకుతుంది, డిస్కులూ దొరుకుతాయి, లేదంటే దగ్గర్లో వెల్డింగ్ షాపు వాళ్ళనడుగు. చక్రం ఊడదీసి, టైరూ ట్యూబూ తీసెయ్. కళ్ళద్దాలు పెట్టుకోకుండా మాత్రం మొదలుపెట్టొద్దు, అల్యూమినియం రవ్వ కంట్లో పడితే ఆసుపత్రికే. చక్రం చేత్తో మెల్లగా తిప్పుతూ డిస్కుని రిమ్‌కి అలా తాకించి తీసెయ్యాలి, తాకించి తీసెయ్యాలి, ఒక్కచోట ఆపి నొక్కితే గుంట పడుతుంది, ఆ గుంట దగ్గరికి వచ్చినప్పుడల్లా బ్రేకు ఎగిరెగిరి పడుతుంది. మిల్లీమీటరుకొక సన్నటి గీత వచ్చేట్టు రెండు వైపులా చేసి, అంచుల్లో లేచిన పొక్కుల్ని ఆకురాయితో తీసెయ్, లేకపోతే అవి ప్యాడ్‌ని తురిమేస్తాయి. గ్రైండ్ చేసిన ప్రతిసారీ రిమ్ కాస్త పలచబడుతుంది కాబట్టి నెలనెలా చేసే పని కాదిది, పట్టు తగ్గినప్పుడే.

ప్యాడ్లు ఊడదీసి గరుకు కాగితాన్ని సమతలంగా ఉన్న గచ్చు మీద పరిచి, దాని మీద ప్యాడ్‌ని ఎనిమిది ఆకారంలో రుద్దు. ఆ నల్లటి మెరుపు పోయి అసలు రంగు బయటపడాలి. తర్వాత రిమ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. మామూలు రోడ్డు ప్యాడ్లయితే మాత్రం ట్రయల్స్‌కి చేసినవి తెప్పించుకో, గరుకు రిమ్ మీద మామూలువి సబ్బులా అరిగిపోతాయి.

అయినా పట్టకపోతే ఒకటి చూడు. లివర్ గట్టిగా నొక్కి పట్టుకుని వెనక ఫ్రేమ్ గొట్టాల్ని పక్కనుంచి గమనించు. అవి బయటికి విచ్చుకుంటుంటే నువ్వు నొక్కిన బలం రిమ్ మీదికి పోకుండా గొట్టాల్ని విప్పడానికి పోతోందని అర్థం, బూస్టర్ అనే ఒక అడ్డపట్టీ బిగిస్తే సరిపోతుంది. లివర్ మెత్తగా, స్పాంజిలా ఉంటే లోపల గాలి ఉంది, బ్లీడ్ చేయాలి, అంటే ఆయిల్ ఎక్కించి ఆ గాలిని బయటికి తోయాలి. హెచ్‌ఎస్33లో పోసేది మినరల్ ఆయిల్. కారు బ్రేకుల్లో పోసే డాట్ ఫ్లూయిడ్ చుక్క కూడా పోయొద్దు, లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి. సిరంజితో కింద సిలిండర్ వైపు నుంచి ఎక్కించి పైన లివర్ దగ్గర బుడగలు ఆగేదాకా తోయాలి. ఓపిగ్గా చేస్తే ఇంట్లోనే అయిపోతుంది.

నీ ఫ్రెండు చెప్పిన డిస్కు బ్రేకు చెడ్డది కాదు, తడిలో అదే మేలు. కానీ నీ ఫ్రేముకి డిస్కు బిగించే చోటు లేకపోతే ఆ మాటే వద్దు, ఉన్నా హబ్ (చక్రం మధ్యలో ఇరుసు ఉండే భాగం) మార్చాలి, హబ్ మారిస్తే చక్రం మళ్ళీ అల్లించాలి, నీ 15 వేలు అక్కడే అయిపోతాయి.

చైన్ గురించి గట్టిగా చెప్తున్నా. క్లిప్పు లింకు ట్రయల్స్ సైకిల్‌కి వద్దు. షాపతనికి తెలియక పెట్టి ఉంటాడు, బడికెళ్ళే పిల్లాడి సైకిల్‌కి అది చాలు. మనం నిలబడ్డ చోటి నుంచి ఒళ్ళంతా బరువు ఒక్క పెడల్ మీద వేసి తన్నుతాం. కొత్తది 1/8 అంగుళం వెడల్పు బీఎంఎక్స్ చైన్ కొను, కేఎంసీ కంపెనీవి ఇక్కడే దొరుకుతాయి, పిన్నుతో రివెట్ కొట్టించుకో. ఒకసారి బయటికి తీసిన పిన్నుని మళ్ళీ అదే రంధ్రంలో కొట్టకు. ఇకమీదట నెలకోసారి స్టీలు స్కేలు పెట్టి కొలువు: కొత్త చైన్‌లో ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని వదిలేసి లెక్కపెడితే ఇరవైనాలుగో పిన్ను మధ్య సరిగ్గా 12 అంగుళాల మీద, అంటే 304.8 మిల్లీమీటర్ల మీద ఉండాలి. 306 దాటిందంటే మార్చెయ్. సాగకపోయినా రాయికి కొట్టుకుని పక్క పలకలు నెర్రె ఇస్తాయి, గుడ్డతో తుడుస్తూ ఒక్కో లింకూ వెలుతురులో చూడు.

---

అడయార్_అక్క:

పైన చెప్పినవన్నీ సరైనవే. నేను చెన్నైలో తొక్కుతాను, ఊరు వేరైనా సెకండ్ హ్యాండ్ బండి బాధ ఒకటే కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది.

హ్యాండిల్ బార్, దాన్ని పట్టి ఉంచే స్టెమ్ చూశావా బాబూ? ఎవరూ వాటిని అడగరు. నేను కొన్న బండి హ్యాండిల్ పైకి కొత్తదానిలా ఉండేది. ఒకరోజు స్టెమ్ విప్పి శుభ్రం చేస్తుంటే, బిగింపు అంచు కింద సరిగ్గా వెంట్రుకంత సన్నగా ఒక గీత కనపడింది. మురికి గీతే అనుకుని గుడ్డతో తుడిస్తే పోలేదు, గోరు తగులుకుంది. సగం గొట్టం చుట్టూ పగులు పాకింది. అల్యూమినియం ఇనుములా ముందు వంగి హెచ్చరించదు, పగులు లోపల్లోపల పెరిగి ఒక్కసారిగా విరుగుతుంది. ముందు చక్రం మీద దిగేటప్పుడు అది విరిగి ఉంటే నా మొహం నేలకే. పాత యజమాని ఎన్నేళ్ళు ఎలా తొక్కాడో నీకు తెలియదు కాబట్టి నీ 15 వేలల్లో హ్యాండిల్ బార్‌కి కొంత పక్కన పెట్టు. మార్చలేకపోతే కనీసం విప్పి, దీపం వెలుతుర్లో చూసి, బోల్టులు టార్క్ రెంచితో రాసి ఉన్నంతే బిగించు. అతిగా బిగించినా అక్కడే పగులుతుంది.

మా దగ్గర ఇంకో బాధ, సముద్రపు గాలి. బెసెంట్ నగర్ వైపు తొక్కి వచ్చి ఒక్క వారం వదిలేస్తే బోల్టు తలలు ఎర్రబడతాయి. మంచినీళ్ళతో తుడిచి, ఆరబెట్టి, చైన్‌కి నూనె రాసి పెడతాను. రాసేటప్పుడు రిమ్‌కి పాత గుడ్డ అడ్డం పెట్టండి, ఒక్క చుక్క రిమ్ మీద పడినా ఆ వారమంతా బ్రేకు ఉండదు.

---

చిత్తూరు_చక్రం:

టైరు మార్చాల్సి వస్తే జాగ్రత్త బ్రో. 20 అంగుళాల ట్రయల్స్ బండికి ముందు చక్రమే నిజంగా 20, అంటే రిమ్ వ్యాసం 406 మిల్లీమీటర్లు. వెనకది 19 అంటారు, దాని రిమ్ 387. నేను తెలియక రెండూ 20 అనుకుని కొనేసి, వెనక టైరు రిమ్ మీద వదులుగా తిరుగుతుంటే గంట సేపు కుస్తీ పట్టాను. టైరు పక్కన 387 అని ఉందో లేదో చదివి కొను, మామూలు షాపుల్లో అది దొరకదు, విదేశాల నుంచే తెప్పించుకోవాలి. ప్యాడ్లూ టైరూ బూస్టరూ ఒకేసారి ఆర్డర్ పెడితే షిప్పింగ్ కలిసొస్తుంది.

గాలి: నేను 68 కిలోలు, వెనక 20 పీఎస్ఐ, ముందు 28. గాలి ఎక్కువైతే రాయి మీద బంతిలా ఎగిరిపోతావు, మరీ తక్కువైతే రిమ్ రాయికి తగిలి సొట్ట పడుతుంది.

---

కుందనహళ్ళి_కుర్రాడు:

అందరికీ చాలా థాంక్స్. పన్నెండు రోజులైంది, కుట్లు తీసేశారు. అక్క చెప్పినట్టు హ్యాండిల్ విప్పి చూశా, పగులు లేదు, కానీ స్టెమ్‌లో ఒక బోల్టు మర సగం పోయి ఉంది, కొత్త బోల్టులు వేశాను. ఎస్.పీ. రోడ్డులో గ్రైండర్ కొన్నా. మొదటి నాలుగు గీతలకి చేతులు వణికాయి, తర్వాత లయ కుదిరింది. పూర్తయ్యాక నిన్న చక్రం బిగించి లివర్ నొక్కి సైకిల్‌ని వెనక్కి లాగితే వెనక చక్రం కదలకపోగా ముందు చక్రం గాల్లోకి లేచింది! మూడు నెలలుగా నేను బ్రేకు అనుకున్నది బ్రేకే కాదని ఇప్పుడు తెలిసింది. కొత్త చైన్ కూడా వేయించా, దగ్గరుండి రివెట్ కొట్టించా.

రెండు డౌట్లు మిగిలాయి. బ్రేకు నొక్కితే వీధి మొత్తం వినపడేలా కీచుమంటోంది, అది మామూలేనా? ఇంకోటి, క్రాంక్ దగ్గర ఖాళీగా తిరగడం అలాగే ఉంది.

---

గరుకు_రిమ్:

ఆ కీచు పట్టు వల్ల వచ్చేదే, దాన్ని పోగొట్టాలని రిమ్‌కి ఏమీ రాయకు. పొద్దున్నే ఇళ్ళ మధ్య చేస్తున్నావు కాబట్టి పక్కింటివాళ్ళకి ఒక మాట చెప్పి పెట్టుకో, అంతే.

ఫ్రీవీల్ గురించి అప్పుడు చెప్పడం మర్చిపోయా. మనకి ఫ్రీవీల్ ముందు ఎందుకుంటుందంటే, వెనక 12 పళ్ళ చక్రంలో గట్టి మెకానిజం పట్టేంత చోటు ఉండదు, 18 పళ్ళదాంట్లో ఉంటుంది. ఒక చుట్టులో 20 చోట్ల పట్టుకునే ఫ్రీవీల్ అయితే పెడల్ 18 డిగ్రీల దాకా ఖాళీగా తిరగొచ్చు. ట్రయల్స్‌కి చేసినవి 72 చోట్ల పట్టుకునేవీ, 108 చోట్ల పట్టుకునేవీ ఉన్నాయి, అంటే 5 డిగ్రీలు, 3.3 డిగ్రీలు. నిలబడ్డ చోటి నుంచి తన్నేవాడికి ఆ తేడా చాలా పెద్దది. కానీ నీది ఖాళీ తక్కువా ఎక్కువా అన్న గొడవ కాదు, పట్టుకోవాల్సిన చోట జారుతోంది. సాధారణంగా ఇలా ఎందుకవుతుందంటే ఎవరో లోపల చిక్కటి గ్రీజు కుక్కి ఉంటారు, లోపలి పాల్స్ (పళ్ళని పట్టుకునే చిన్న నాలుకలు) ఆ గ్రీజులో అతుక్కుని టైముకి లేవవు. ముందు ఫ్రీవీల్‌ని కిరోసిన్‌తో కడిగి, ఆరనిచ్చి, పలచటి నూనె రెండు మూడు చుక్కలు వెయ్. అప్పుడూ జారితే పాల్స్ అంచులు అరిగినట్టే, మార్చు, దానికి డబ్బు దాచు. అదింకా జారుతుండగా ఎత్తు ఎక్కొద్దు, చైన్ తెగినప్పటి దెబ్బే మళ్ళీ తగులుతుంది.

ఇంకో విషయం, మనం తొక్కే కొద్దీ ఫ్రీవీల్ తనంతట తానే క్రాంక్ మీద బిగుసుకుపోతుంది, ఊడదీయడానికి పొడవాటి పైపు తొడిగినా కష్టమే. మళ్ళీ బిగించేటప్పుడు మరకి గ్రీజు రాయి, వచ్చేసారి నీకే సుఖం.

ఆదివారం తురహళ్ళి వైపు బండరాళ్ళ దగ్గరికి మేం ముగ్గురం వెళ్తున్నాం, ఏడింటికి. వస్తే ఫ్రీవీల్ అక్కడే చూస్తాను, టూలు నా బ్యాగులోనే ఉంటుంది. రాళ్ళు తడిగా ఉంటే మాత్రం ఎక్కం, కింద మట్టి మీదే ప్రాక్టీస్.