రైల్లో ఫోన్ పోతే విచారణ ఏ ఊరి కోర్టులో?

ప్రశ్న
విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వెళ్లే రైల్లో 18,000 రూపాయల ఫోన్ పోయిందనుకుందాం. ఎక్కడ కొట్టేశారో తెలీదు. తర్వాత వరంగల్‌లో ఒకడి దగ్గర దొరికింది. విచారణ ఎక్కడ జరుగుతుంది? పోగొట్టుకున్నవాళ్ల ఊళ్లోనా, నిందితుడి ఊళ్లోనా?

జవాబు 1
ఎవరి ఊరన్నది లెక్కలోకి రాదండి. నేరం జరిగిన చోటే విచారణ అన్నది అసలు సూత్రం: నేర విచారణ పద్ధతి చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 197 (2024 జులై 1కి ముందు పాత చట్టం సీఆర్‌పీసీలో 177). ప్రయాణంలో జరిగిన నేరానికి 203 ఉంది. ఆ ప్రయాణంలో మనిషిగానీ వస్తువుగానీ ఏయే కోర్టుల పరిధి గుండా వెళ్తే వాటిలో ఏదైనా విచారించొచ్చు. దొంగతనం కాబట్టి 201 కూడా పనికొస్తుంది. దొంగ దగ్గరగానీ, దొంగసొత్తని తెలిసి తీసుకున్నవాడి దగ్గరగానీ సొత్తు ఉన్న చోటి కోర్టుకీ అధికారం ఉంటుంది. అందుకే వరంగల్ కూడా సరైన చోటే.

ఒకే నేరాన్ని రెండు కోర్టులు విచారణకు తీసుకుంటే 206 చూడాలి. రెండూ ఒకే హైకోర్టు కింద ఉంటే ఆ హైకోర్టే తేలుస్తుంది. ఒకటి ఆంధ్రాలో, ఒకటి తెలంగాణలో ఉంటే, కేసు ముందు ఎక్కడ మొదలైందో అక్కడి హైకోర్టు తేలుస్తుంది.

జవాబు 2
ఏ ఊరన్నది తేలాక ఏ స్థాయి కోర్టన్నది విడిగా చూడాలి. అది బీఎన్ఎస్ఎస్ మొదటి షెడ్యూల్ చివరి కాలమ్‌లో ఉంటుంది. మామూలు దొంగతనాన్ని ఏ మేజిస్ట్రేటైనా విచారించొచ్చు. సొత్తు విలువ 20,000 దాటలేదు కాబట్టి ఈ ఫోన్ కేసు 283 కింద సమ్మరీ ట్రయల్‌కి (క్లుప్తంగా ముగించే విచారణకు) వెళ్తుంది. అందులో మూడు నెలలకు మించి జైలు వేయడానికి లేదు.

ప్రశ్న అడిగినవారు
రైలు దిగి కరీంనగర్ వెళ్లిపోయి అక్కడ జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ పోలీస్ స్టేషన్లోనైనా ఇచ్చే ఫిర్యాదు) ఇస్తే విచారణ కూడా అక్కడేనా?

జవాబు 1
కాదు. 173 ప్రకారం ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. కానీ తర్వాత దాన్ని పరిధి ఉన్న స్టేషనుకు పంపేస్తారు. ఫిర్యాదు రాసుకున్నంత మాత్రాన కరీంనగర్ కోర్టుకు విచారణాధికారం రాదు. అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, చాలా ఫిర్యాదుల్లో "ప్రయాణంలో పోయింది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. అప్పుడు కాగితం ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషనుకు తిరుగుతూనే ఉంటుంది. రైలు నంబరు, కోచ్, బెర్త్, ఫోన్ చివరిసారి చేతిలో ఉన్న రైల్వే స్టేషను, పోయిందని చూసుకున్న రైల్వే స్టేషను, ఐఎంఈఐ నంబరు (ఫోను గుర్తింపు సంఖ్య) తప్పకుండా రాయండి. పరిధిని తేల్చేది ఆ రెండు స్టేషన్ల పేర్లే.

జవాబు 3
నేరుగా మేజిస్ట్రేటుకు ప్రైవేటు కంప్లయింట్ ఇచ్చేవాళ్లు 224 చదువుకోవాలి. కోర్టు తప్పయితే కేసు కొట్టేయరు. సరైన కోర్టులో వేసుకోమని ఎండార్స్‌మెంట్ రాసి కంప్లయింట్ వెనక్కి ఇస్తారు. లిమిటేషన్ (కోర్టు కేసు తీసుకోవడానికి ఉన్న గడువు) మాత్రం గుర్తుంచుకోండి. 514 ప్రకారం జరిమానా మాత్రమే ఉన్న నేరానికి ఆరు నెలలు, ఏడాది వరకు శిక్ష ఉన్నదానికి ఏడాది, మూడేళ్ల వరకు ఉన్నదానికి మూడేళ్లు. తప్పు కోర్టులో నిజాయితీగా, శ్రద్ధగా నడిపిన కాలాన్ని 516 కింద మినహాయిస్తారు.

నిందితుడి తరఫువాళ్లు పరిధి అభ్యంతరాన్ని మొదట్లోనే లేవనెత్తాలి. తీర్పు వచ్చాక "ఈ ఊరు కాదు" అంటే నిలవదు. తప్పు చోట విచారించడం వల్ల న్యాయానికి నిజంగా భంగం కలిగిందని చూపితేనే 508 కింద తీర్పు రద్దవుతుంది.

చెక్ బౌన్స్‌కి ఈ లెక్క పెట్టకండి, దాని దారి వేరు. ఖాతా ద్వారా వసూలుకు వేసిన చెక్కయితే, 2015 సవరణ తర్వాత డబ్బు రావాల్సినవాళ్ల ఖాతా ఉన్న బ్యాంకు బ్రాంచి ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే వేయాలి.