ఫ్రెంచి సంప్రదాయపు గుర్రపుస్వారీ పుస్తకాలతో, వీడియోలతో నిలుస్తుందా?

గంటస్తంభం (విజయనగరం):
మా ఊళ్ళో ఇప్పుడు గుర్రం కనబడేది పెళ్ళి ఊరేగింపులోనే. ఫ్రెంచి సంప్రదాయపు గుర్రపుస్వారీని 2011లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చిందని చదివినప్పటి నుంచి నాకొక సందేహం పట్టుకుంది. కోట గోడనైతే మరమ్మతు చేసి నిలుపుకోవచ్చు గాని, సైన్యానికే గుర్రాలు అక్కరలేని కాలంలో స్వారీ పద్ధతిని నిలపడం ఎలాగ? పాత గ్రంథాలు మళ్ళీ అచ్చువేసి, ఉన్న శిక్షకుల చేత చేయించి వీడియోలు తీసి ఉంచితే చాలదా? పైగా మన ఊరేగింపు గుర్రాలు బాజాలకు వేసే చిందులూ, అక్కడి గుర్రాలు ఉన్నచోటనే వేసే అడుగులూ ఒకటేనా? తెలిసినవారు చెప్పగలరు.

రికాబు (శ్రీకాకుళం):
గంటస్తంభం గారూ, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఊరేగింపు గుర్రం చిందు వేసేటప్పుడు దాని నోటి వంక చూడండి. చాలాసార్లు పగ్గం బిగబట్టి ఉంటుంది, నోరు తెరుచుకొని ఉంటుంది, మెడ పైకి లేచి నడుము కుంగి ఉంటుంది. ఫ్రెంచివారు పియాఫ్ అనే అడుగులో గుర్రం వెనుక కాళ్ళ కీళ్ళు వంచి బరువును వాటి మీదకు తీసుకొంటుంది. దవడ వదులుగా ఉండి, కళ్ళెపు కడ్డీని మెల్లగా చప్పరిస్తూ ఉంటుంది. అప్పుడు రౌతు పగ్గం జారవిడిచినా భంగిమ చెడకూడదు. వారు అన్నిటికన్నా మిన్నగా ఎంచే తేలికదనానికి అదే పరీక్ష.

అక్కడికి చేర్చే సాధనల్లో ముఖ్యమైనదాన్ని 18వ శతాబ్దంలో ఫ్రెంచి స్వారీ గురువు లా గెరినియేర్ వివరంగా రాశాడు. గోడ వెంబడి నడిచే గుర్రం భుజాలను కాస్త లోపలికి తెచ్చి, లోపలివైపు వెనుక కాలు పొట్ట కిందకు వచ్చి పడేలా నడిపిస్తారు. చదివితే ఇంతే. అయితే ఆ కాలు లేచే క్షణాన్ని జీను మీద కూర్చున్న ఒంటితో పసిగట్టి, సరిగ్గా అప్పుడే పిక్కతో తాకడమన్నది తర్ఫీదైన గుర్రం మీద కూర్చుంటే గాని పట్టుబడదు. ఆ గుర్రాన్ని తయారుచేయడానికి మళ్ళీ అది పట్టుబడిన రౌతే కావాలి. కొత్త రౌతుకు పాత గుర్రం, కొత్త గుర్రానికి పాత రౌతు నేర్పుతారు కనుక, ఒక తరం తెగితే వీడియోలు ఎన్ని ఉన్నా ఆ లోటు పూడ్చలేవు.

నాగావళి:
రికాబు గారి మాటకు చరిత్రే సాక్ష్యం. వెర్సాయ్‌లోని రాజుగారి స్వారీ పాఠశాల 1830లో మూతపడింది. ఆ విద్య అక్కడితో పోకపోవడానికి కారణం, అక్కడివారు కొందరు సోమూర్‌లోని ఆశ్విక దళ పాఠశాలకు చేరడమే. అలా వచ్చిన కౌంట్ దోర్ 1847లో అక్కడ ప్రధాన శిక్షకుడయ్యాడు. ఆయన పద్ధతికీ, ఆ కాలపు మరో స్వారీ గురువు బోషే పద్ధతికీ పొసగేది కాదు. వారి శిష్యులదీ అదే తగాదా. అయినా జనరల్ లోత్ ఆ ఇద్దరి దగ్గరా నేర్చుకొని, గుర్రం ప్రశాంతంగా, ముందుకు, తిన్నగా సాగాలని తేల్చాడు. ఒక్క గురువునే పట్టుకొని వేలాడే మన సంగీత శిష్యులు కొందరికి ఇది రుచించకపోవచ్చు! యుద్ధాల్లో గుర్రాల పని తీరాక కూడా సోమూర్‌లోని నల్లదుస్తుల శిక్షకుల బృందం చెదిరిపోలేదు; 1972లో ఏర్పడిన జాతీయ స్వారీ పాఠశాలకు అదే ఆధారమైంది. కాబట్టి అక్కడ ప్రభుత్వ జీతాలూ, గుర్రాల దాణా ఖర్చూ నిలిచాయి. యునెస్కో గుర్తింపు ఆ తరువాతి సంగతి.

గంటస్తంభం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా మేనల్లుడు నేర్చుకొంటానంటున్నాడు. అటువంటి తర్ఫీదైన గుర్రం దొరకని మన దగ్గర, మొదట ఏది నేర్పించమంటారు?

రికాబు:
పియాఫ్ జోలికి ఇప్పుడే పోనివ్వకండి. నెమ్మదైన గుర్రాన్ని పొడవాటి తాడు కట్టి వలయంగా నడిపించే మనిషి ఒకరుంటే, అబ్బాయిని పగ్గాలు, రికాబులు లేకుండా దాని మీద కూర్చోబెట్టండి. పగ్గాన్ని ఊతంగా పట్టుకోకుండా కూర్చోవడం వచ్చేదాకా అతని చేతికి కళ్ళెం ఇవ్వవద్దు, ఎందుకంటే ఆ ఊతపు బరువంతా పడేది గుర్రం నోటి మీదనే.