కోరస్‌లో ట్రయాంగిల్‌కీ సైన్‌కీ ఇంత తేడా ఎందుకు?

బెజవాడ_తీగలు:
క్లీన్ గిటార్ మీద కోరస్ ప్లగిన్ (అసలు సౌండ్‌కి కాస్త ఆలస్యంగా వచ్చే కాపీని కలిపే ఎఫెక్ట్), రేట్ 1 హెర్ట్జ్. కార్డ్ ఒకటి మీటి వదిలేస్తే ఎల్ఎఫ్ఓ (ఎఫెక్ట్‌ని నెమ్మదిగా ఊపే వేవ్) ట్రయాంగిల్‌లో షిమ్మర్ (సౌండ్‌లో మెరుపులాంటి కదలిక) దాదాపు ఆగకుండా ఉంటోంది, సైన్‌లో వచ్చి పోతోంది. మిక్స్ పూర్తిగా వెట్‌కి (ఎఫెక్ట్ సౌండ్ ఒక్కటే) తిప్పితేనేమో సైన్ చక్కగా ఊగుతోంది, ట్రయాంగిల్ రెండు పిచ్‌ల మధ్య గెంతుతోంది. గెంతాల్సింది స్క్వేర్ కదా? గవర్నర్‌పేటలో మా ప్రాక్టీస్ రూమ్‌లో రోజూ దీని మీదే వాదన.

గుంటూరు_మిక్సింగ్:
మీరు విన్నది కరెక్టే బ్రదర్. కోరస్‌లో ఎల్ఎఫ్ఓ కదిపేది డిలే టైమ్‌ని. అది ఎంత వేగంగా మారితే పిచ్ అంత పక్కకి జరుగుతుంది, కాబట్టి చెవికి తెలిసేది వేవ్ వాలు మాత్రమే. ట్రయాంగిల్ ఎక్కినంతసేపూ ఒకటే వాలు, దిగినంతసేపూ ఒకటే వాలు. లెక్క చూడండి: డిలే అర సెకనులో 5 మిల్లీసెకన్లు పెరిగితే పిచ్ 1 శాతం, అంటే సుమారు 17 సెంట్లు (సెంటు అంటే సెమిటోన్‌లో నూరో వంతు) తగ్గి అక్కడే నిలబడుతుంది, తర్వాత అర సెకను అంతే పైన. అదే 5 మిల్లీసెకన్లు సైన్‌తో తిప్పితే మధ్యలో 27 సెంట్ల దాకా వెళ్లి, మలుపు దగ్గర సున్నాకి వచ్చేస్తుంది, అక్కడే డ్రై (ఎఫెక్ట్ లేని అసలు) సౌండ్‌తో పిచ్ తేడా లేక షిమ్మర్ ఆగుతోంది. రోలాండ్ జూనో-60 సింథ్ కోరస్‌లో ఉన్నదీ ట్రయాంగిలే, ప్యాడ్‌ల (సాగే సింథ్ సౌండ్‌ల) మీద దాన్ని మించింది నేను వినలేదు. స్క్వేర్ అయితే డిలే ఒక్కసారి దూకి ఆగిపోతుంది, క్లిక్కులు తప్ప ఏమీ మిగలదు.

అరండల్‌పేట_సింథ్:
ట్రెమొలోకి ఈ లెక్క లేదండి, అక్కడ కదిలేది వాల్యూమే కాబట్టి స్క్వేర్ పెడితే సౌండ్ ముక్కలుగా తెగుతుంది. ఫ్లాంజర్‌కైతే (ఇదీ డిలేని కదిపే ఎఫెక్టే) మామూలు ట్రయాంగిల్ కూడా నాకు నచ్చదు. డిలే 1 మిల్లీసెకను ఉన్నప్పుడు మొదటి నాచ్ (సౌండ్ పడిపోయే ఫ్రీక్వెన్సీ) 500 హెర్ట్జ్ దగ్గర, 10 ఉన్నప్పుడు 50 దగ్గర. 1 నుంచి 2కి వెళ్లేసరికే ఒక ఆక్టేవ్ అయిపోతుంది, 5 నుంచి 10కి వెళ్లినా ఒకటే ఆక్టేవ్. దాంతో స్వీప్ పైన పరిగెత్తి కింద ఈడుస్తుంది. ఎక్స్‌పొనెన్షియల్ వేవ్ (ప్రతి ఆక్టేవ్‌కీ సమాన సమయం ఇచ్చేది) ఉంటే అది పెట్టండి.

బెజవాడ_తీగలు:
థాంక్సండీ. మరి సైన్‌తోనే షిమ్మర్ ఆగకుండా ఉండాలంటే రెండో డిలే లైన్ పెట్టి ఫేజ్ జరపొచ్చా?

గుంటూరు_మిక్సింగ్:
జరపొచ్చు, 90 డిగ్రీలు పెట్టండి, ఒకటి మలుపు దగ్గర ఉన్నప్పుడు రెండోది మంచి వేగంలో ఉంటుంది. 180 మాత్రం వద్దు, రెండూ ఒకేసారి సున్నాకి వస్తాయి. పాత సోలినా స్ట్రింగ్ మెషీన్‌లో 120 డిగ్రీల తేడాతో మూడు లైన్లు ఉంటాయి. ప్లగిన్‌లో మూడు వాయిస్‌లు (డిలే లైన్లు) ఉంటే అదే ట్రై చేయండి.