కరివేపాకు కుండీలోని నిమ్మ సీతాకోకచిలుక పురుగులు: మిగిలినవాటిని ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)

మా డాబా మీది కరివేపాకు కుండీలో పిట్ట రెట్టల్లా కనిపించే చిన్న పురుగులు ఐదు ఉంటే, పిట్టలు ఎత్తుకుపోతాయన్న భయంతో వాటిని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి పెంచుతున్నాను. అవి పచ్చగా మారాక మా మొక్క వాటి ఆకలికి చాలలేదు. బజారులో కొన్న కరివేపాకును రెండుసార్లు కడిగి వేస్తే, మరునాటికి రెండు పురుగులు పచ్చటి ద్రవం కక్కుకుని చనిపోయాయి. అందరికన్నా ముందు ప్యూపాగా మారినది నిన్న బయటికి వచ్చింది గాని, డబ్బా అడుగునే ఉండిపోవడంతో దాని రెక్కలు ముడతలు పడి అలాగే గట్టిపడ్డాయి. ఇంకొకటి ప్యూపాగా ఉంది. చివరిది ఈ సాయంత్రం మేత మాని, నీళ్లలాంటి రెట్ట వేసి, డబ్బా అంతా తిరుగుతోంది. దానికి కూడా జబ్బు చేసిందా?

జవాబు (పటమట, విజయవాడ)

జబ్బు కాదండీ, కంగారు పడకండి. ప్యూపాగా మారే ముందు పురుగు కడుపులోని దాన్నంతా పలచగా విసర్జించి, అనువైన చోటు కోసం గంటల తరబడి తిరుగుతుంది. డబ్బాలో ఒక ఎండు పుల్లను ఏటవాలుగా నిలబెట్టండి. అది పుల్లకు తోకను అతికించుకుని, నడుముకు వడ్డాణంలా పట్టుదారం చుట్టుకుని, తల పైకి ఉంచి కదలకుండా ఆగిపోతుంది. ఆ దశలో దాన్ని ముట్టుకోకూడదు.

రెక్కలు ముడతలు పడటానికి కారణం నున్నటి ప్లాస్టిక్ గోడ. ప్యూపా నుంచి వచ్చిన సీతాకోకచిలుక ఎక్కడో ఒకచోట వేలాడుతూ ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి నెడితేనే అవి విచ్చుకుంటాయి. కాళ్లకు పట్టు దొరక్క జారి కింద పడితే తడి రెక్కలు మడతల మీదే ఆరిపోతాయి, ఆ తరువాత సరిచేయడం ఎవరి వల్లా కాదు. అందుకే నేను డబ్బా లోపలి గోడలకు దోమతెర గుడ్డ అతికిస్తాను. ప్యూపా నల్లబడి రెక్కల పసుపు మచ్చలు పైకి కనిపించాయంటే మరో రోజులో బయటికి వస్తుందని అర్థం. ఎగరలేని ఆ సీతాకోకచిలుకకు పలచటి పంచదార నీళ్లలో తడిపిన దూదిని అందించండి, ఉన్నన్ని రోజులూ ఆకలి లేకుండా ఉంటుంది.

జవాబు (మంగళగిరి, గుంటూరు జిల్లా)

మాది కరివేపాకు సాగు చేసే కుటుంబం. లేత చిగుళ్లను తినేసే ఈ పురుగు మాకు చీడే, మందు కొట్టక తప్పదు. కొన్ని మందులు మొక్క రసంలోకే చేరిపోతాయి కాబట్టి ఆకును ఎన్నిసార్లు కడిగినా ప్రయోజనం ఉండదు. మీ రెండు పురుగులు చనిపోవడానికి కారణం అదేనని నాకు అనిపిస్తోంది. మందు కొట్టని నిమ్మ, నారింజ, మారేడు ఆకులు కూడా ఇవి తింటాయి. పురుగు తన జీవితంలో తినే మేతలో చాలా భాగం పచ్చగా మారిన చివరి దశలోనే తింటుంది కనుక, ఒక చిన్న కుండీ ఐదింటికి సరిపోదు.

జవాబు (భవానీపురం, విజయవాడ)

నా అభిప్రాయం కొంచెం వేరు. డబ్బాలో ఆకు త్వరగా వాడిపోతుంది, రెట్టల తేమకు బూజు పడుతుంది. పురుగులున్న కొమ్మకే పలచటి తెర సంచి తొడిగి మొదలు దగ్గర బిగించి కడితే, తాజా మేత దొరుకుతుంది, పిట్టల బెడదా ఉండదు. ముఖ్యంగా, అప్పుడే మారిన మెత్తటి ప్యూపాలో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు లోపలికి రాలేవు. మీ దగ్గరున్న ప్యూపాకు సన్నటి రంధ్రాలు కనిపిస్తే ఆశ వదులుకోవాల్సిందే. గుంటూరు ఎండలకు డబ్బాను మాత్రం డాబా మీద ఉంచకండి, లోపల అంతా ఉడికిపోతుంది.

ప్రశ్న అడిగినవారు (బ్రాడీపేట)

అందరికీ కృతజ్ఞతలు. బజారు ఆకు పూర్తిగా మానేశాను. రాత్రి పదకొండు గంటలకు చివరి పురుగు పుల్ల మీద ఆగింది, తెల్లవారేసరికి నడుముకు దారం కనిపించింది. రెండో ప్యూపా మీద రంధ్రాలేమీ లేవు, రంగు ఇంకా పచ్చగానే ఉంది. డబ్బా గోడలకు దోమతెర అతికించి, మా వంటగది కిటికీ నీడలోకి మార్చాను. ముడతల రెక్కలది ఈ ఉదయం దూది మీద తొండం చాచి చాలాసేపు తాగింది.